ఆరంగుళాల కింద

గుంత మోకాలి లోతు దాటేసరికి పార చప్పుడు మారింది. అప్పటిదాకా మెత్తగా దిగిన పార ఒక్కసారి గరగరమంది. తట్టలోకి ఎత్తిన మట్టిలో ఎరుపు లేదు. సున్నం కలిపిన పిండిలా పాలిపోయి, మధ్యమధ్య రేగిపండంత తెల్లటి గులకలతో ఉంది. గట్టున కూర్చున్న మామ ఒక గులకను తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. "సుద్ద" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అది నల్లగొండ జిల్లాలో ఆయన బత్తాయి తోట. మొక్కలు నాటి ఆరేళ్లయింది. మొదటి నాలుగేళ్లు చూసినవాళ్లంతా మెచ్చుకునేలా పెరిగాయి. ఐదో ఏడు కొత్త ఆకులు పసుపు తిరగడం మొదలైంది. ఈనెలు పచ్చగానే ఉండేవి, ఈనెల మధ్య భాగం మాత్రం నిమ్మపండు రంగుకు వచ్చేది. అది ఇనుము లోపానికి గుర్తు. అన్నభేది నీళ్లలో కలిపి పిచికారీ చేయించాడు. కొట్టిన ఆకులు కొంత పచ్చబడ్డాయి, ఆ తర్వాత వచ్చిన చిగుళ్లు మళ్లీ పసుపే.

"నాటకముందే మన్ను పరీక్ష చేయించిన గద అల్లుడా. అంత మంచిగనే ఉన్నదని కాయితం ఇచ్చిండ్రు."

ఆ కాగితం నేనూ చూశాను. అందులో తప్పేమీ లేదు. ఆయన సంచిలో పంపింది పైన ఆరంగుళాల మట్టి, పరీక్ష చేసినవాళ్లు చెప్పింది ఆ ఆరంగుళాల సంగతి. బత్తాయి వేరు నాలుగేళ్లలో ఎక్కడికి పోయిందో ఆ మట్టిని మాత్రం ఎవరూ అడగలేదు.

భూసార పరీక్షకు మట్టి తీసే పద్ధతి మన పల్లెల్లో ఇప్పుడు చాలామందికి తెలుసు. 2015లో భూసార కార్డుల పథకం వచ్చాక ఇంకా బాగా తెలిసింది. చేలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఇంగ్లిషు 'వి' అక్షరం ఆకారంలో గుంట తీయాలి. దాని పక్కగోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో పొరగా చెక్కాలి. అన్నీ కలిపి, రాళ్లూ వేళ్లూ ఏరేసి, కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలోనే ఆరబెట్టాలి. గట్టు పక్క, చెట్టు నీడ, పెంటకుప్ప వేసిన చోటు, నీటి కాలువ వదిలేయాలి. జింకు కూడా చూడాలనుకుంటే జింకుపూత రేకు బకెట్టు పనికిరాదు, ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఒక లెక్క వేసి చూడండి. కార్డు పథకంలో నీటి వసతి ఉన్న భూమిలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా. అంత విస్తీర్ణంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి ఐదున్నర వేల టన్నులు దాటుతుంది. ప్రయోగశాలలో సేంద్రియ కర్బనం చూడటానికి తూచేది ఒక గ్రాము, కొన్నిసార్లు అర గ్రామే. ఆ గ్రాము ఐదున్నర వేల టన్నుల తరఫున మాట్లాడాలి. రసాయనాల్లో జరిగే పొరపాటు కంటే పార పట్టిన చేతిలో జరిగే పొరపాటే పెద్దదని నేను నమ్మడానికి కారణం ఇదే.

వరికీ మొక్కజొన్నకూ ఆ ఆరంగుళాలు చాలావరకు సరిపోతాయి. నాగలి కదిపేది అంతవరకే, ఎరువు పడేది అక్కడే, పైరు మొదటి నెలల్లో తినేది అక్కడే. ముప్పై ఏళ్లు ఒకేచోట నిలబడాల్సిన చెట్టుకు సరిపోవు. పండ్లతోట పెట్టే ముందు ఐదారు అడుగుల గుంత తవ్వి, అడుగడుగుకూ, లేదా మట్టి మారినచోటల్లా, విడిగా నమూనా తీయాలి. ఇక్కడ కొత్తవాళ్లకు తట్టని కిటుకు ఒకటి ఉంది. నమూనాలు అడుగు నుంచి పైకి తీసుకుంటూ రావాలి. పైనుంచి మొదలుపెడితే చెక్కిన పైమట్టి రాలి కింది పొరల మీద పడుతుంది, కింది సంచిలో పైమట్టి కథ చేరిపోతుంది. నమూనా తీసే గోడ వైపు ఎవరూ నిలబడకూడదు, తవ్విన మట్టి అటు పోయకూడదు. ఆ గోడ మీద ఎండ పడేలా గుంత తవ్వుకుంటే రంగులు సరిగ్గా కనిపిస్తాయి.

ఇలా నిలువునా గోడ చెక్కి నేలను చదవడం నేర్పినవాడు రష్యాకు చెందిన వసీలీ దొకుచాయెవ్. 1870లలో అక్కడి నల్లనేలల మైదానాలను కరువులు కాల్చేశాక, ఆయన ఆ ప్రాంతమంతా తిరిగి గుంతలు తవ్వి, 1883లో 'రష్యన్ చెర్నోజెమ్' గ్రంథం ప్రచురించాడు. అంతకుముందు చాలామంది పండితులకు నేలంటే రాయి అరిగిన పొడి. లేదంటే మొక్కకు ఆహారం నిల్వ ఉండే డబ్బా. దొకుచాయెవ్ అది తనంతట తానుగా ఒక సహజ వస్తువు అన్నాడు. కింది రాయి, వాన, ఎండ, చెట్టూ పురుగూ, నేల వాలు, కాలం కలిసి దాన్ని పొరలు పొరలుగా కడతాయని చూపించాడు. ఆకూ అలమూ కుళ్లి కలిసిన పై పొర, పైనుంచి నీటితో దిగిన సరుకు చేరే నడిమి పొర, సగం అరిగిన రాతి పొర. మన దగ్గర ఆ చివరిదాన్ని మొరం అంటారు.

మామ గుంతలో ఆ మూడూ ఉన్నాయి, నడిమి పొర మాత్రం రెండుగా ఉంది. పైన జానెడు చెల్క, ఇసుక పాలు ఎక్కువ. దాని కింద రెండడుగుల దాకా ముదురు ఎరుపు, తడిపితే వేలికి అంటుకుంటుంది. ఆ కింద సుద్ద. దానికీ కింద మొరం.

తడి మట్టిని చేతిలో తాడులా పేని చూడటం పాత పరీక్ష. పై పొర మట్టి తాడు కాకముందే విరిగిపోయింది. నడిమి పొర మట్టితో గాజులాంటి చుట్ట వచ్చింది. ఏళ్ల తరబడి వాననీరు పైనున్న బంకను మోసుకుపోయి కింద దించింది. అందుకే ఎర్రనేలల్లో పైన గుల్లగా, లోపల బిగువుగా ఉంటుంది. ఇంకొంచెం కచ్చితంగా తెలియాలంటే పొడవాటి గాజుసీసాలో మట్టి, నీళ్లు పోసి, చిటికెడు బట్టల సోడా వేసి బాగా కుదిపి పక్కన పెట్టాలి. ఇసుక మన కళ్లముందే అడుగుకు చేరుతుంది. ఒండ్రు నెమ్మదిగా దిగుతుంది. బంక మర్నాటికి కూడా నీటిని మబ్బుగా ఉంచుతుంది. దీని వెనక 1851 నాటి స్టోక్స్ సూత్రం ఉంది: నీటిలో దిగే రేణువు వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.05 మిల్లీమీటర్ల సన్న ఇసుక రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి ముప్పావు నిమిషం పడుతుంది. 0.002 మిల్లీమీటర్ల బంక రేణువు దానికంటే ఇరవై ఐదు రెట్లు చిన్నది కనుక 625 రెట్లు నెమ్మది. అదే దూరానికి దాదాపు ఎనిమిది గంటలు. నేల ప్రయోగశాలల్లో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంక ఎంత అని శాతాలు తేల్చేది ఈ లెక్కతోనే.

తర్వాత సున్నం. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క ఒకటి చాలు. పై పొర మీద వేస్తే ఏమీ జరగలేదు. ఎర్రపొర అడుగున చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినిపించింది. సుద్ద మీద వేయగానే సోడా మూత తీసినట్టు పొంగింది. కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం విరగ్గొడితే బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. మామ ముందుకు వంగి చూశాడు. "గిది పైన పొంగకపాయె" అన్నాడు. ఆయనకు సమస్య మొత్తం ఆ చుక్కలోనే అర్థమైంది.

ఈ సున్నం అక్కడికి ఎలా చేరింది? రాయి అరిగేటప్పుడు కాల్షియం విడుదలవుతుంది. మంచి వానలు కురిసే చోట అది కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తుంది. మన మెట్టప్రాంతాల్లో వాన నేలను కొంతలోతు దాకా తడిపి ఆగిపోతుంది. తర్వాత ఎండ ఆ తడిని పైకి లాగుతుంది. నీరు పోతుంది, దానిలో కరిగిన సున్నం ఆగినచోటే గడ్డకడుతుంది. వేల ఏళ్లు ఇలా జరిగితే సుద్ద పొర తయారవుతుంది. అంటే అది ఆ ఊరి వానలు ఎంతలోతు దాకా దిగాయో చెప్పే గీత. నాకు దాన్ని చూసినప్పుడల్లా పాత చెరువు రాతికట్ట మీద నీరు నిలిచిన మరక గుర్తొస్తుంది.

పీహెచ్ కొలత ఈ కథను అంకెల్లో చెబుతుంది. ఈ కొలబద్దను 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. మన పరీక్షా కేంద్రాల్లో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు శుద్ధజలం కలిపి మీటరు ముంచి చూస్తారు. మామ గుంతలో పైమట్టి 7.1, ఎర్రపొర 7.6, సుద్ద 8.4 చూపించాయి. 7.1కీ 8.4కీ తేడా ఏపాటిది అనిపిస్తుంది. ఈ కొలబద్ద మీద ఒక్క అంకె పెరిగితే పుల్లదనం పదో వంతుకు పడిపోతుంది. ఇనుము విషయంలో ఇంకా ఘోరం: పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము వెయ్యి రెట్లు తగ్గుతుంది. ఎర్రనేలను ఎర్రగా చేసేదే ఇనుము, తోటలో టన్నులకొద్దీ ఉంది. సుద్దలోకి దిగిన వేరుకు అందులో చిటికెడు కూడా అందలేదు. నాలుగేళ్లు చెట్టు పై రెండడుగుల మీద బతికింది. ఐదో ఏట వేరు కిందికి వెళ్లింది.

అదే గుజ్జు తేరుకున్నాక పై నీటిలో విద్యుత్ ఎంత సులువుగా ప్రవహిస్తుందో చూస్తే ఉప్పు ఎంతుందో తెలుస్తుంది. కార్డులో 'ఈసీ' అని రాసేది అదే. పాలచౌడు, కారుచౌడు తేడా ఇక్కడే తేలుతుంది. పాలచౌడులో ఉప్పు ఎక్కువ, ఈసీ ఎక్కువ, మంచినీటితో కడిగితే పోతుంది. కారుచౌడులో ఈసీ తక్కువగానే ఉండొచ్చు కానీ బంకకు సోడియం పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది, నీరు దిగదు. దానికి జిప్సం వేసి, కాల్షియంతో సోడియాన్ని తోసేసి, ఆ తర్వాత కడగాలి. పైన మంచిగా ఉండి అడుగున కారుచౌడు ఉన్న నల్లనేలలు చాలా ఉన్నాయి. వాటికి కాలువ నీరు వదిలిన కొన్నేళ్లకు అడుగున ఉన్నది పైకి వస్తుంది. కాలువ తవ్వకముందే మీటరు లోతు మట్టిని చూసి ఉంటే అని బాధపడాల్సిన పొలాలు నేను చూశాను.

ఇక సేంద్రియ కర్బనం. దీన్ని కొలిచే పద్ధతి నాకు చాలా ఇష్టం. 1934లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు దీన్ని స్థిరపరిచారు. గ్రాము మట్టి మీద నారింజరంగు పొటాషియం డైక్రోమేట్ పోసి, దానిమీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. పొయ్యి అక్కర్లేదు, ఆమ్లం నీటితో కలిసినప్పుడు పుట్టే వేడే చాలు. ఆకు కుళ్లు, వేరు ముక్క, సూక్ష్మజీవుల శవాలు, అన్నిట్లోని కర్బనాన్నీ డైక్రోమేట్ దహిస్తుంది. దహించిన కొద్దీ నారింజ తగ్గి ఆకుపచ్చ వస్తుంది. మిగిలిన నారింజ ఎంతో ఇనుప లవణంతో కొలిచి, ఖర్చయినది తేలుస్తారు. ఈ వేడికి కర్బనమంతా కాలదు, సగటున 77 శాతమే కాలుతుంది, అందుకే వచ్చిన అంకెను 1.3తో గుణిస్తారు. సుద్దలో ఉన్న కర్బనాన్ని మాత్రం ఇది ముట్టదు, అది ఇప్పటికే పూర్తిగా కాలిపోయిన కర్బనం. ఒకే గుంతలో పైన బతుకు తాలూకు కర్బనం, కింద రాయి తాలూకు కర్బనం. మొదటిది లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. మనవైపు పైమట్టిలో మొదటిది అర శాతానికి లోపు ఉండటం మామూలే, కార్డులో దాన్ని 'తక్కువ' అని రాస్తారు.

అలాగని లోతున ఉన్న కర్బనాన్ని చిన్నచూపు చూడకూడదు. ప్రపంచ నేలల్లో పై మీటరులో సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉందని అంచనా. అందులో దాదాపు సగం 30 సెంటీమీటర్ల కిందే ఉంది. శాతం తక్కువైనా మందం ఎక్కువ కదా. భూతాపం గురించి మాట్లాడేవాళ్లు ఆరంగుళాలు చూసి ఆగిపోతే సగం ఖాతా తెరవనట్టే.

లోతు ఎంత తేడా చూపిస్తుందో ఒకేచోట చూడాలంటే హైదరాబాదు పక్కన పటాన్‌చెరు వెళ్లాలి. 1972లో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను అక్కడ పెట్టడానికి ఒక కారణం ఆ స్థలంలో మెట్టసేద్యపు రెండు పెద్ద నేలలూ పక్కపక్కనే దొరకడం. ఒకవైపు ఎర్రనేల, దాన్ని శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శ్రేణి అంటారు. ఇంకోవైపు నల్లరేగడి, దానికి కాసిరెడ్డిపల్లి శ్రేణి అని పేరు. నేలశాస్త్ర గ్రంథాల్లో ఈ రెండు తెలుగు ఊళ్ల పేర్లూ నిలిచిపోయాయి. ఇంగ్లిషువాళ్లు నల్లనేలను 'రెగర్' అని రాసుకున్న మాట కూడా మన రేగడే.

ఒకే వాన, ఒకే ఎండ. ఎర్రనేల గుంతలో అడుగుకో రంగు, అడుగుకో బిగువు. నల్లరేగడి గుంతలో మూడడుగులు దిగినా పెద్ద తేడా కనిపించదు. ఎందుకంటే ఆ నేల తనను తాను కలుపుకుంటుంది. అందులో సగానికి పైగా బంక. ఆ బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది, పైమట్టి వాటిలోకి రాలుతుంది, వానకు ఉబ్బి కింది మట్టి పక్కకూ పైకీ నెట్టుకుంటుంది. మట్టి ముద్దలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నచోట గుంత గోడ మీద నునుపుగా మెరిసే చెక్కలు కనిపిస్తాయి. నలుపు చూసి ఇది పెంట బలిసిన నేల అనుకోవద్దు. పరీక్షిస్తే సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఎర్రనేల కంటే మరీ ఎక్కువేమీ ఉండదు. ఉన్న కాస్తా బంకతో గట్టిగా ముడిపడి అంత నలుపు ఇస్తుంది. దాని అసలు బలం నీరు. మీటరు లోతు రేగడి మొక్కకు అందేలా 150 నుంచి 200 మిల్లీమీటర్ల వాన దాచుకుంటుంది. వానలు వెళ్లిపోయాక వేసిన శనగా జొన్నా ఒక్క చినుకు లేకుండా మంచు మీద పండాయని అంటాం గానీ, అవి పండేది ఆరంగుళాల కింద దాగిన భాద్రపదపు వాన మీద.

పోషకాలు కూడా ఎవరి లోతు వారు ఎంచుకుంటాయి. నత్రజని నైట్రేటు రూపంలో నీటి వెంట పరుగెడుతుంది. పెద్ద వాన పడితే వేళ్లను దాటి వెళ్లిపోతుంది, ఎక్కువైతే బావి నీళ్లలో తేలుతుంది. అమెరికాలోని ఉత్తర డకోటా వంటిచోట్ల గోధుమ వేసే ముందు రెండడుగుల లోతు దాకా మట్టి తీసి నైట్రేటు చూసి, ఉన్నదాన్ని తీసేసి మిగతాదే ఎరువుగా వేయమంటారు. భాస్వరం దీనికి పూర్తిగా తిరుగుడు. వేసినచోటే సున్నంతోనో ఇనుముతోనో అతుక్కుపోతుంది. ఇరవై ఏళ్లు వరుసగా డీఏపీ చల్లిన పొలంలో పైన భాస్వరం మిక్కుటంగా, అడుగు కింద పేదగా ఉండటం మామూలే.

భాస్వరం కదలకపోవడం పురావస్తు శాస్త్రవేత్తలకు వరమైంది. మనుషులూ పశువులూ బతికినచోట పేడ, బూడిద, ఎముకలు పడతాయి. ఇళ్లు కూలి, గోడలు కరిగినా ఆ భాస్వరం ఆ లోతులోనే ఉండిపోతుంది. స్వీడన్‌లో ఓలోఫ్ అర్హేనియస్ 1920ల చివర ఈ పరీక్షతోనే పాత ఊళ్ల జాడ పట్టాడు. మన పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిదదిబ్బలో, కొత్తరాతియుగపు పశువుల దొడ్లలో పేడ పోగై మళ్లీ మళ్లీ కాలిన పొరలు బయటపడ్డాయి. మన రైతులకు ఈ సంగతి వేరే దారిలో తెలుసు. పాతూరు ఉన్న దిబ్బ నుంచి పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. ఏ రసాయనమూ చూడకుండానే భాస్వరం ఎక్కడుందో వాళ్లు కనిపెట్టారు. ఆ బండ్లలో కొంత చరిత్ర కూడా చేలలో కలిసిపోయిందన్నది నాకు మిగిలిన బాధ.

గుంత పని అయ్యేసరికి పొద్దు వాలింది. నమూనాల సంచుల మీద లోతులు రాసి, లోపల ఒకటి, పైన ఒకటి చీటీ పెట్టాం. మామ గుంత పూడ్చడానికి పార తీసుకున్నాడు. మొరం ముందు వేసి, దానిమీద సుద్ద, ఆ తర్వాత ఎర్రమన్ను, చివరికి చెల్క. అలా వేయమని నేను చెప్పలేదు. తవ్వేటప్పుడే నాలుగు కుప్పలు విడిగా పోయించుకున్నాడు.

ఆ తోటలో సగం చెట్లు పోయాయి. మరుసటి ఏడు ఊరికి పడమట ఇంకో నాలుగెకరాల్లో బత్తాయి పెడదామనుకున్నప్పుడు ఆయన మొక్కలకు బయానా ఇవ్వలేదు. ముందు మూడుచోట్ల ఆరడుగుల గుంతలు తీయించి నాకు ఫోన్ చేశాడు. రెండింట్లో ఆరడుగులదాకా సుద్ద లేదు. మూడోది వాగు వైపు, రెండున్నర అడుగులకే ఆమ్లం పొంగింది. ఆ మూల ఎకరంలో ఇప్పుడు కంది వేస్తున్నాడు.